సుద్దకొండల బాటలో: నడిచేవారి హక్కు, నిద్రించేవారి హక్కు

భూమిపై సంచరించమన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్‌లో పలుచోట్ల కనిపిస్తుంది. అన్ఆమ్, నమ్ల్, రూమ్ సూరాలలో గతించిన జాతుల పర్యవసానాన్ని కళ్లారా చూడటానికి సంచరించమని అల్లాహ్ ఆదేశించాడు. అన్కబూత్ సూరాలో సృష్టి ఎలా ఆరంభమైందో పరిశీలించడానికి సంచరించమన్నాడు. మొదటిది చరిత్ర పాఠం, రెండవది ప్రకృతి పాఠం. మన మదరసాలలో ఈ ఆయతుల వ్యాఖ్యానం చదువుతాం, చదివిస్తాం. అయితే వాటిపై కాలినడకన ఆచరించే అవకాశం మనలో కొద్దిమందికే లభిస్తుంది.

గత జూన్ నెలలో, ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న బ్రైటన్ నగరంలో మా చెల్లెలి కుమార్తె ఇంట కొంతకాలం గడిపే సందర్భం కలిగింది. ఆ నగరం వెనుక తూర్పు పడమరలుగా సాగే సుద్దకొండలపై ఒక వలయ మార్గం ఉంది. బయలుదేరిన చోటికే తిరిగివచ్చే ఆ బాట పొడవు సుమారు 12, 13 కిలోమీటర్లు. పిల్లలతో నిదానంగా నడిస్తే నాలుగైదు గంటలు పడుతుంది. ఆ బాట ఒకవైపు భూమి పుట్టుకను, మరోవైపు మన దేశం నుంచి వెళ్లి అక్కడ కన్నుమూసిన సైనికుల చరిత్రను చూపుతుంది. పైన చెప్పిన రెండు పాఠాలూ ఒకే నడకలో లభించే చోటు గనుక, దాని గురించి పాఠక సోదర సోదరీమణులకు విన్నవించదలిచాను.

తెల్లని కొండలు

ఈ కొండల వరుసకు సౌత్ డౌన్స్ అని పేరు. నేటి ఆంగ్లంలో 'డౌన్' అంటే క్రిందికి అని అర్థం. అయితే ఈ పేరులోని మాట ప్రాచీన ఆంగ్లంలో కొండ అనే అర్థమున్న 'డూన్' నుంచి వచ్చింది. 2010లో ఈ ప్రాంతమంతటినీ జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఇవి మన నల్లమల వంటి రాతికొండలు కావు, దట్టమైన అడవీ లేదు. గుండ్రని వీపుల వలె పరచుకున్న పచ్చిక మిట్టలు. దక్షిణాన సముద్రం వైపు మెల్లగా వాలుతాయి. ఉత్తరాన మాత్రం గోడ కట్టినట్లు నిటారుగా దిగుతాయి. పచ్చికను ఒక జానెడు తొలగిస్తే క్రింద అంతా తెల్లని సుద్ద.

"నానా, ఈ బాట ఇంత తెల్లగా ఎందుకుంది?" అని మా చెల్లెలి మనుమడు అడిగాడు. పదేళ్ల బాలుడు అడిగిన ఆ ప్రశ్నకు సమాధానం ఆశ్చర్యకరమైనది. సుమారు 10 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం వరకు సాగిన యుగంలో ఇక్కడంతా వెచ్చని సముద్రం ఉండేది. ఆ నీటిలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన నాచుజీవులు నివసించేవి. వాటి దేహాలపై సున్నపు రేకులు ఉండేవి. అవి మరణించినపుడు ఆ రేకులు సముద్రపు అడుగుకు చేరేవి. అలా వేయి సంవత్సరాలకు ఒకటి రెండు సెంటీమీటర్ల మేరకు పేరుకున్న పొరలే వందల మీటర్ల సుద్ద అయ్యాయి. తదుపరి ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాలను పైకెత్తిన భూచలనాలే ఈ సముద్రపు అడుగునూ పైకి లేపాయి. అంటే మనం నడిచే కొండ కోటానుకోట్ల ప్రాణుల శ్మశానం. ఫాతిర్ సూరాలో పర్వతాలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారల ప్రస్తావన వచ్చిన తరువాతి వాక్యంలోనే, దాసులలో జ్ఞానులే అల్లాహ్‌కు భయపడతారనే భావం వస్తుంది. రాతి రంగుకూ దైవభీతికీ గల సంబంధం ఏమిటని విద్యార్థులు అడుగుతుంటారు. అటువంటి చోట నిలబడి చూసినపుడు ఆ సంబంధాన్ని విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

సుద్ద మధ్యలో అక్కడక్కడ నల్లని గట్టి రాళ్లు తగులుతాయి. అవి చెకుముకి రాళ్లు. సముద్రపు స్పంజికల దేహాల నుంచి వచ్చిన సిలికాతో ఇవి ఏర్పడ్డాయి. లోహం తెలియని మానవుడు వీటినే గొడ్డళ్లుగా, కత్తులుగా మలచుకున్నాడు. కొండ క్రింది గ్రామాలలోని ఇళ్ల గోడలు నేటికీ ఈ రాళ్లతో కట్టినవే.

సుద్ద స్పంజి వలె వాన నీటిని పీల్చుకుంటుంది. అందువల్ల కొండపైన ఒక్క వాగు కూడా లేదు. పీల్చుకున్న నీరు లోపల నిల్వ ఉండి, ఉత్తరపు వాలు పాదంలో ఊటలుగా వెలువడుతుంది. ఆ ఊటల వెంటనే గ్రామాలు ఒక వరుసలో వెలిశాయి. బ్రైటన్ నగరం త్రాగే నీరు కూడా ఈ సుద్ద గర్భంలోనిదే. బఖరా సూరాలో కఠిన హృదయాలను రాళ్లతో పోల్చి, కొన్ని రాళ్ల నుంచైనా నీరు వెలువడుతుందని అల్లాహ్ హెచ్చరించిన సందర్భం ఇక్కడ గుర్తుకు రాకమానదు.

శిఖరం మీది పురాతన బాట

నడక డిచ్లింగ్ బీకన్ అనే శిఖరం దగ్గర మొదలవుతుంది. ఎత్తు 248 మీటర్లు. సెలవు దినాలలో బ్రైటన్ నుంచి బస్సు ఇక్కడిదాకా వస్తుంది. శిఖరం చుట్టూ ఇనుప యుగపు కోట తాలూకు మట్టికట్టల ఆనవాళ్లు కనిపిస్తాయి. బీకన్ అంటే హెచ్చరిక మంట. 1588లో స్పెయిన్ నౌకాదళం దండెత్తి వచ్చినపుడు కొండ నుంచి కొండకు మంటల ద్వారా వార్త చేరవేసిన చోట్లలో ఇదీ ఒకటి.

ఇక్కడినుంచి పడమరగా కొండ వీపు మీదుగా సాగేది సౌత్ డౌన్స్ వే అనే దారి. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ వరకు 160 కిలోమీటర్లు. దీనిని 1972లో జాతీయ నడకదారిగా ప్రారంభించారుగానీ, జనం ఈ కొండల మీద నడవడం వేల సంవత్సరాల నాటిది. కారణం సులభమైనది. కొండ క్రింద ఉత్తరాన ఉన్న మైదానం బంకమట్టి నేల. పూర్వం దట్టమైన అడవి, వర్షాకాలంలో మోకాలిలోతు బురద. కొండ మీద సుద్ద మాత్రం వాన వెలిసిన కొద్దిసేపటికే ఆరిపోతుంది. పశువులను తోలుకుపోయేవారు, సరుకులు మోసేవారు పైదారినే ఎంచుకున్నారు. బాట ప్రక్కన గుండ్రని మట్టిదిబ్బలు కొన్ని కనిపిస్తాయి. అవి కంచు యుగపు సమాధులు. ఆ మనుషుల పేర్లు, భాష, విశ్వాసం అన్నీ చెరిగిపోయాయి. వారు నడిచిన బాట మాత్రం మిగిలింది.

క్రింది గ్రామాల నుంచి కొండమీదికి ఏటవాలుగా ఎక్కే ఇరుకు దారులను ఆ ప్రాంతంలో బోస్టల్ అంటారు. తరతరాల కాళ్లు, బండిచక్రాలు అరగదీయగా అవి ఇరువైపులా గట్ల మధ్య కాలువల వలె లోతుగా దిగిపోయాయి. వాటిని చూడగానే మన గుంటూరు, కృష్ణా మండలాలలోని డొంకలు గుర్తొచ్చాయి.

నీటి కుంట, నమాజు చాప

శిఖరం దాటి కొంతదూరం వెళితే బాట ప్రక్కన గుండ్రని నీటి కుంట ఒకటి వస్తుంది. కొండపై వాగులు లేవు గనుక గొర్రెల కోసం కాపరులు ఇటువంటి కుంటలను త్రవ్వి, అడుగున బంకమట్టిని లేదా దంచిన సుద్దను తొక్కి, నీరు ఇంకకుండా చేశారు. వీటిని మంచు కుంటలని పిలుస్తారుగానీ, నిజానికి ఇవి ప్రధానంగా వాననీటితోనే నిండుతాయి.

మాతో వచ్చిన పిల్లలు ఈ నీటితో వుజూ చేయవచ్చా అని అడిగారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల నిల్వ నీరు అధిక జలం క్రిందికి వస్తుంది. మాలిన్యం వల్ల రంగు, రుచి, వాసనలలో ఏదో ఒకటి మారనంతవరకు అది పరిశుద్ధమే. గొర్రెలు త్రాగిన మాత్రాన నీరు అపరిశుద్ధం కాదు. ఆ కుంట ఈ కొలతకు మించినదే. మరో ప్రశ్న, నీరే లేకపోతే సుద్ద మీద తయమ్ముమ్ చెల్లుతుందా? చెల్లుతుంది. మట్టి జాతికి చెందినది ఏదైనా, అంటే ఇసుక, రాయి, సున్నం, సుద్ద, వాటిపై ధూళి లేకున్నా సరే, హనఫీ పండితులు అనుమతించారు. షాఫయీ పండితులు మాత్రం చేతికంటే ధూళి ఉన్న మట్టి కావాలన్నారు. అయితే ఒక మైలు లోపల నీరు దొరికే అవకాశమున్నపుడు తయమ్ముమ్ చేయరాదు. మేము సీసాలలో నీరు తీసుకొని వెళ్లాం గనుక ఆ అవసరం కలగలేదు.

జుహ్ర్ నమాజు పచ్చికపైనే జరిగింది. ఆ ప్రదేశానికి ఖిబ్లా ఆగ్నేయ దిశలో ఉంటుంది. అంటే సముద్రానికి అభిముఖంగా నిలబడి కాస్త ఎడమకు తిరగాలి. బ్రైటన్‌లో 15 రోజులకు మించి ఉండే సంకల్పంతో వెళ్లినందున ఖస్ర్ వర్తించదు, నాలుగు రకాతులూ పూర్తిగానే చేశాం. యావద్భూమినీ మసీదుగా ప్రసాదించడం ఈ ఉమ్మత్‌కు లభించిన ప్రత్యేకతలలో ఒకటని ప్రవక్త ముహమ్మద్ (స) తెలిపిన విషయం మనకు తెలిసినదే. దారిన పోయే వృద్ధ దంపతులు కొందరు మా ముందునుంచి వెళ్లకుండా ఆగి, పచ్చికలో చుట్టు తిరిగి వెళ్లారు. ఆ మర్యాద వారికి ఎవరు నేర్పారో, చూడ ముచ్చటగా ఉంది.

పచ్చికను కాపాడే గొర్రెలు

ఈ పచ్చిక తనంతట తాను నిలిచేది కాదు. ఎరువు వేయని సుద్దనేల బీదది. అందుకే ఏ ఒక్క మొక్కా మిగతావాటిని అణచివేయలేక, ఒక చదరపు మీటరులో 40 రకాల మొక్కల వరకు కలిసి పెరుగుతాయి. జూన్‌లో ఆర్కిడ్లు, థైమ్ వంటి సుగంధ మూలికలు పూస్తాయి. స్కైలార్క్ అనే చిన్న పిట్ట ఆకాశంలోకి నిలువుగా లేస్తూ ఆగకుండా కూస్తుంది. గొర్రెలు మేయడం మానితే కొన్నేళ్లలోనే ముళ్లపొదలు కమ్ముకొని ఈ వైవిధ్యం నశిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలోను, ఆ తరువాతను ధాన్యం కోసం చాలా భాగాన్ని దున్నివేశారు. నిటారు వాలులలో మాత్రమే పాత పచ్చిక మిగిలింది. సౌత్‌డౌన్ అనే గొర్రె జాతి ఈ కొండలదే. లూయిస్ పట్టణం సమీపంలోని గ్లైండ్ గ్రామానికి చెందిన జాన్ ఎల్మన్ అనే రైతు 18వ శతాబ్దం చివర దానిని మేలురకంగా తీర్చిదిద్దాడు. గొర్రెలు కాయని ప్రవక్త లేడని ప్రవక్త (స) తెలిపారు. కాపరి పని మందను మేపడంతో ఆగదని, నేలను కూడా కాపాడుతుందని ఈ కొండలు చూపుతున్నాయి.

గాలిమరల నుంచి దక్షిణానికి

శిఖరం నుంచి మూడు కిలోమీటర్లు నడిస్తే క్లేటన్ గ్రామం పైన రెండు గాలిమరలు కనిపిస్తాయి. వాటిని జాక్, జిల్ అని పిలుస్తారు. తెల్లని చెక్కమర జిల్‌ను 1821లో బ్రైటన్‌లో నిర్మించి, 1852లో ఎడ్లు, గుర్రాలు కట్టి కొండమీదికి లాగించారు. ప్రక్కనున్న ఇటుక మర జాక్‌ను 1866లో కట్టారు. ఇక్కడ పాత శిఖర మార్గాన్ని వదలి దక్షిణంగా, సముద్రం వైపు తిరగాలి. పొలాల మధ్య, గొర్రెల కంచెల మధ్య సాగే ఈ గుర్రపు బాటపై సుమారు నాలుగు కిలోమీటర్లు నడిస్తే, ఒక మడతలో ఉన్నట్లుండి తెల్లని గుమ్మటం కనిపిస్తుంది. ఇంగ్లండు కొండల నడుమ భారతీయ నిర్మాణం. దాని పేరు ఛత్రీ.

కొండల నడుమ ఛత్రీ

మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 శరదృతువు నాటికి భారత సైనికులు ఫ్రాన్స్, బెల్జియం కందకాలకు చేరారు. వారిలో అధికులు పంజాబు, గఢ్వాల్, సరిహద్దు రాష్ట్రం, నేపాల్ ప్రాంతాల రైతుబిడ్డలు. గాయపడినవారిని డిసెంబరు నుంచి బ్రైటన్‌కు తరలించారు. అక్కడ రాజు నాల్గవ జార్జి కట్టించుకున్న రాయల్ పెవిలియన్ అనే భవనం ఉంది. జాన్ నాష్ అనే వాస్తుశిల్పి గుమ్మటాలతో, మీనార్లతో భారతీయ శైలిలో తీర్చిన ఆ విలాస భవనాన్ని ఆసుపత్రిగా మార్చారు. నగరంలోని ఇతర భవనాలతో కలిపి 1916 ఆరంభం వరకు దాదాపు 12,000 మంది భారతీయ సైనికులు ఇక్కడ చికిత్స పొందారు.

వారి ధర్మ నియమాలను పాటించడానికి చేసిన ఏర్పాట్లు గమనార్హమైనవి. వేర్వేరు మతాలు, కులాలవారి కోసం తొమ్మిది వంటశాలలు నడిచాయి. హిందువులకు, ముస్లింలకు నీటి ఏర్పాటు వేరుగా ఉండేది. ముస్లింలు మక్కా దిశగా నమాజు చేయడానికి తూర్పు పచ్చిక బయలులో చోటు కేటాయించారు. సిక్కుల గురుద్వారాకు గుడారం వేశారు. ప్రకటనలు ఉర్దూ, హిందీ, గురుముఖి లిపులలో ఉండేవి. ఈ శ్రద్ధలో కొంత పాలకుల రాజకీయ అవసరం కూడా ఉంది. గాయపడినవారు తమ గ్రామాలకు వ్రాసే ఉత్తరాలపైనే ముందుముందు సైన్యంలో చేరేవారి సంఖ్య ఆధారపడి ఉండేది.

చికిత్స ఫలించక మరణించినవారిలో హిందువులు, సిక్కులు 53 మందిని ప్యాచమ్ గ్రామం పైనున్న ఈ కొండకు తెచ్చి, వారి ఆచారం ప్రకారం దహనం చేశారు. బూడిదను సముద్రంలో కలిపారు. 1915లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన లెఫ్టినెంట్ దాస్ గుప్తా అక్కడ స్మారకం నిర్మించాలని ప్రతిపాదించగా, నగర మేయరు జాన్ ఓటర్ చొరవ తీసుకున్నారు. బొంబాయికి చెందిన యువ వాస్తుశిల్పి ఇ. సి. హెన్రిక్స్ నమూనా గీశారు. సిసిలీ ద్వీపపు తెల్లని చలువరాయితో ఎనిమిది స్తంభాలపై గుమ్మటం, ఎత్తు సుమారు 9 మీటర్లు. దహనం జరిగిన చోట్లను గ్రానైటు బండలతో కప్పారు. 1921 ఫిబ్రవరి 1న నాటి బ్రిటిష్ యువరాజు దీనిని ఆవిష్కరించారు. మన ఇళ్లలో గొడుగును ఛత్రీ అనే పిలుస్తాం. పరదేశపు కొండపై మరణించినవారికి నీడ పట్టిన గొడుగు అది.

అయితే వారి పేర్లు ఛత్రీ మీద లేవు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2010లో ప్రక్కనే ఒక గోడ నిర్మించి ఆ 53 పేర్లనూ చెక్కించింది. ఛత్రీ వెలసిన 89 ఏళ్లకు వారి పేర్లు వారిని చేరాయి. ప్రతి సంవత్సరం జూన్ నెలలో అక్కడ సంస్మరణ జరుగుతుంది.

వారి అంత్యక్రియల పద్ధతి మనది కాదు. మన ధర్మంలో శరీరాన్ని మట్టికే అప్పగించాలి. అయినప్పటికీ ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే ప్రవక్త (స) లేచి నిలబడ్డారు. ఆయన యూదుడు కదా అని సహచరులు గుర్తుచేసినపుడు, అదీ ఒక ప్రాణమే కదా అనే భావంతో జవాబిచ్చారు. కందకంలో ఒకే చలిని, ఒకే గుండు దెబ్బను పంచుకున్న మన దేశీయుల చివరి చోటు దగ్గర పిల్లలతో కొద్దిసేపు మౌనంగా నిలబడటానికి ఈ ఆదర్శం చాలు.

మరి ముస్లిం సైనికులు ఎక్కడ?

ఛత్రీ దగ్గర నిలబడిన ముస్లిం సందర్శకునికి సహజంగానే ఈ ప్రశ్న కలుగుతుంది. బ్రైటన్‌లో మరణించిన ముస్లిం సైనికులను అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని వోకింగ్ పట్టణానికి తీసుకువెళ్లారు. అక్కడ 1889లో నిర్మించిన షాజహాన్ మసీదు ఉంది. లైట్నర్ అనే ప్రాచ్యభాషా పండితుడు కట్టించిన ఆ మసీదుకు భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ధనసహాయం చేశారు. అందుకే ఆమె పేరు నిలిచింది.

1914 నవంబరులో ఉస్మానియా సామ్రాజ్యం జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. ఒకవైపు తాము ఉప్పు తిన్న ప్రభుత్వం, మరోవైపు ఖలీఫా. ముస్లిం సిపాయిల మనోవేదన ఎంతటిదో ఊహించవచ్చు. బ్రిటన్‌లో ముస్లిం మృతులకు సరైన ఖననం కూడా జరగడం లేదని జర్మనీ ప్రచారం చేసింది. ఆ ప్రచారానికి జవాబుగాను, మసీదు ఇమామ్ పట్టుదల ఫలితంగాను, వోకింగ్ సమీపంలోని హార్సెల్ మైదానంలో ప్రత్యేక ఖబ్రస్తాన్‌కు స్థలం కేటాయించారు. గుమ్మటపు ద్వారంతో, ఎర్ర ఇటుకల ప్రహరీతో 1917 నాటికి నిర్మాణం పూర్తయింది. జనాజా నమాజుతో, సైనిక గౌరవంతో అక్కడ ఖననాలు జరిగాయి.

కాలక్రమంలో ఆ స్థలం నిర్లక్ష్యానికి గురైంది. దుండగులు పాడుచేయసాగారు. 1960ల చివర ఆ పార్థివ అవశేషాలను సమీపంలోని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించారు. ఖాళీ ప్రహరీ దశాబ్దాలపాటు శిథిలమవుతూ ఉండిపోయింది. చివరకు దానిని పునరుద్ధరించి, 2015లో శాంతివనంగా ప్రారంభించారు. అక్కడ ఖననమైన 27 మంది పేర్లు ఇప్పుడు రాతిపై ఉన్నాయి.

బ్రూక్‌వుడ్ పేరు హైదరాబాదు ముస్లింలకు కొత్తది కాకూడదు. ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించిన మార్మడ్యూక్ పిక్తాల్ సాహెబ్ అక్కడి ముస్లిం ఖబ్రస్తాన్‌లోనే విశ్రమిస్తున్నారు. ఆయన 1925 నుంచి 1935 వరకు హైదరాబాదులో ఉన్నారు. చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా, ఇస్లామిక్ కల్చర్ పత్రిక సంపాదకులుగా పనిచేశారు. నిజాం ప్రభుత్వ సహాయంతో పూర్తిచేసిన ఆయన అనువాదం 1930లో వెలువడింది. మరొక ప్రసిద్ధ ఆంగ్లానువాదకులు అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ సాహెబ్ సమాధి కూడా అక్కడే ఉంది. అల్లాహ్ వారందరినీ మన్నించుగాక!

ఎవరి సొత్తూ కాని దారి

ఇక ఈ నడకలో నన్ను అన్నింటికంటే ఆలోచింపజేసిన విషయానికి వస్తాను. ఛత్రీ వరకు కారు వెళ్లదు. రహదారి నుంచి ఎటు వెళ్లినా నడిచే వెళ్లాలి. చుట్టూ ఉన్నవి పొలాలు, వాటికి రైతులున్నారు. ఆ పొలాల మీదుగా వందేళ్లుగా సందర్శకులు రాగలుగుతున్నారంటే, ఆ దేశ న్యాయంలో బాట హక్కుకు ఉన్న బలమే కారణం. ఛత్రీ దాటి ఈశాన్యంగా లోయలో దిగి, స్టాన్‌డీన్ పొలం మీదుగా మళ్లీ బీకన్ శిఖరానికి ఎక్కే చివరి నాలుగైదు కిలోమీటర్లలో ఎన్నో ద్వారాలు దాటుతాం. ప్రతి ద్వారంపై చిన్న బాణం గుర్తు ఉంటుంది. పసుపు బాణం పాదచారులకు మాత్రమే. నీలం బాణమైతే గుర్రాలకు, సైకిళ్లకు కూడా. ద్వారాన్ని తిరిగి మూసివేయడం, కుక్కను పట్టుకొని నడవడం, పైరు తొక్కకపోవడం నడిచేవారి బాధ్యత. దారి మూసివేయకపోవడం భూస్వామి బాధ్యత.

ఈ హక్కు సులభంగా రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ అనే కొండపైకి, వేటకోసం మూసి ఉంచిన భూమిలోకి, కార్మిక యువకులు వందలమంది మూకుమ్మడిగా నడిచారు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోని ప్రజా బాటలన్నింటినీ అధికారిక పటంలోకి ఎక్కించవలసి వచ్చింది. 1980 నాటి రహదారుల చట్టం ప్రకారం, బలప్రయోగం లేకుండా, రహస్యంగా కాకుండా, అనుమతి అడుక్కోకుండా జనం 20 సంవత్సరాలు ఒక దారిన నడిస్తే, భూస్వామి దానిని ప్రజలకు అంకితం చేసినట్లే భావిస్తారు. నడక మానితే నిరూపణ కష్టమవుతుంది. బాటకు ప్రాణం నడిచేవారి పాదాలలోనే ఉంది.

ఇది మనకు కొత్త న్యాయం కాదు. ఉస్మానియా ప్రభుత్వం 19వ శతాబ్దంలో హనఫీ ధర్మశాస్త్రాన్ని క్రోడీకరించిన మజల్లా గ్రంథం తొలి సూత్రాలలో ఆరవది, అనాదిగా ఉన్నదానిని ఉన్నట్లే ఉంచాలని చెబుతుంది. దాని వెంటనే ఏడవ సూత్రం, హాని ఎంత పాతదైనా హక్కు కాజాలదని హెచ్చరిస్తుంది. ఈ రెండింటినీ కలిపి చదివితే, తరతరాల బాటను మూయరాదు, బాటను ఆక్రమించి తరతరాలు గడిచినా ఆ ఆక్రమణ న్యాయం కాదు. దారిలో కూర్చునేవారు దారి హక్కు చెల్లించాలని ప్రవక్త (స) ఆదేశించి, ఆ హక్కులను కూడా వివరించారు. చూపు వాల్చుకోవడం, ఇతరులకు హాని కలిగించకుండటం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించి చెడును నివారించడం. బాధ కలిగించే వస్తువును దారి నుంచి తొలగించడం విశ్వాస శాఖలలో ఒకటన్నారు. జానెడు భూమిని అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని హెచ్చరించారు.

ఈ హదీసులను మన పిల్లలు కంఠస్థం చేస్తారు. మరి మన డొంకల మాటేమిటి? బండ్లు ఎదురెదురుగా తప్పుకొనేంత వెడల్పున్న పుంతలు నేడు ఎన్నో ఊళ్లలో గట్లు జరిగి జరిగి కాలిబాటలయ్యాయి. ఇరుప్రక్కల పొలాలలో మనవారివీ ఉంటాయి. ఖబ్రస్తాన్‌కు వెళ్లే దారి ఇరుకై, జనాజాను నలుగురు సరిగా మోయలేక పొలంగట్టు మీద తడబడే స్థితి కూడా ఉంది. పరాయి దేశంలో సిపాయి సమాధికి దారి మిగిలి, మన తాత సమాధికి దారి లేకపోవడం ఎంతటి విచారకరం!

మనం చేయగలిగినవి

ఇందుకు కొండలూ విదేశాలూ అక్కరలేదు. మొదటిది, నెలకొకసారైనా పిల్లలతో మీ ఊరి పాత బాట వెంట నడవండి. రాయిని, చెట్టును, కుంటను చూపించి వాటి కథ చెప్పండి. వారి ప్రశ్నలకు తెలియనిచోట పెద్దలను అడిగి చెప్పండి. రెండవది, ఖబ్రస్తాన్ సందర్శనను షబే బరాత్‌కు మాత్రమే పరిమితం చేయకండి. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని ప్రవక్త (స) ప్రోత్సహించారు. మూడవది, మసీదు కమిటీలు గ్రామ రెవెన్యూ పటం నకలు తీసుకొని, అందులో డొంకగా, బాటగా గుర్తించిన భాగం నేడు ఎంత మిగిలిందో కొలిచి చూడాలి. తగ్గిన చోట ఇరుగుపొరుగువారితో, ఏ మతస్తులైనా సరే, సామరస్యంగా కూర్చొని మాట్లాడాలి. ఆ దారి అందరిదీ గనుక ఆ ప్రయత్నమూ అందరిదీ కావాలి. నాల్గవది, మీ గట్టు దారిలోకి జరిగి ఉంటే, ఎవరూ అడగకముందే మీరే వెనక్కి జరపండి. అప్పుడు మీ పిల్లలకు ఆ హదీసును వేరుగా బోధించవలసిన అవసరం ఉండదు.

ఉన్నత విద్య కోసం, ఉద్యోగాల కోసం మన పిల్లలు నేడు పెద్ద సంఖ్యలో బ్రిటన్ వెళుతున్నారు. వారిలో బ్రైటన్ చేరువలో ఉన్నవారు ఒక సెలవు దినాన ఈ బాటలో నడవాలని, ఛత్రీ దగ్గర ఆగి ఆ 53 పేర్లూ చదవాలని, వీలైతే వోకింగ్ మసీదులో నమాజు చేసి, శాంతివనంలోని 27 మంది కోసం దుఆ చేయాలని కోరుతున్నాను. ఆ సైనికులకు ఆ దేశంలో బంధువులు లేరు. దారిన పోయేవారి దుఆయే వారికి దిక్కు.

అల్లాహ్ మనందరికీ చూసి గ్రహించే కన్నులను, దారి హక్కును చెల్లించే చేతులను, మరణించినవారిని మరువని హృదయాలను ప్రసాదించుగాక! ఆమీన్.